పెద్దకొట్టు గోడకు సున్నం

“ఎవుడ్రా ఈ కొట్టుకి సున్నం కొట్టినోడు?”

బండి ఇంకా పూర్తిగా ఆగలేదు. రత్నాలమ్మ చేతిమూటతోనే కిందికి దూకింది. మందసలో కూతురు కమల ఇంట ఒక రాత్రి ఉండి వచ్చేసరికి, కొబ్బరితోట నడుమ మసిబారి తన మానాన తాను నిలబడి ఉండే, కాయలు నిలవచేసే పెద్దకొట్టు పెళ్ళివారిల్లులా మెరిసిపోతోంది.

నూతి దగ్గర పైడయ్య కుంచె కడుక్కుంటున్నాడు. ఆమె కేక విని కుంచెను వీపు వెనక దాచుకున్నాడు, అక్కడికి ఆ పని చేసింది తాను కానట్టు.

“నాకేటి తెలుసమ్మా. నీలకంఠం బాబు కొట్టమన్నాడు, కొట్టినాను.”

రత్నాలమ్మ కొట్టులోకి పరుగెత్తింది. లోపలి చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా కూడా ఆగకుండా తూర్పుగోడ తడిమింది. అరచేతికి సున్నం అంటింది. గోడ మీద చేతులు లేవు. ఒక్కటీ లేదు.

ఆ చేతులేమిటో ఆ పేటలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలివాన వచ్చి తాటాకిళ్ళన్నీ ఎగిరిపోయినా, మనుషులూ పశువులూ దూరి బతికి బయటపడేది ఆ కొట్టులోనే. రాతిగోడలు, మీద మట్టిపూత. గాలి వెలిసిన మర్నాడు, నిలబడి కాపాడినందుకు, ఆ ఇంటి పెద్దకోడలు పసుపుముద్దలో కుడిచెయ్యి ముంచి తూర్పుగోడకు అద్దుతుంది. పెద్దకోడలిది తప్ప ఇంకొకరి చెయ్యి ఆ గోడకు తగలకూడదు. రత్నాలమ్మ మామగారి నాయనమ్మ నాటి నుంచి ఆ వరస నడుస్తోంది. చివరిది రత్నాలమ్మది.

వరసలో ఒక్కచోట మాత్రం ఖాళీ. మామగారి తల్లి చేతికీ, అత్తగారు పెద్దతల్లి చేతికీ మధ్య ఎవరో పట్టుకుని తోమినట్టు గోడ గరుగ్గా ఉండేది. పెద్దతల్లి బతికున్నన్నాళ్ళూ అక్కడ ఒక చాట వేలాడేసి ఉంచేది. అడిగితే ‘ఎలకలు గీకినాయి’ అనేది. ఎలకలు అంత ఎత్తుకు ఎందుకు ఎక్కాయో రత్నాలమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇవాళ ఆ చేతులే తోటకు దిక్కు.

మరిది త్రినాథరావు టెక్కలిలో ప్లీడరు గుమస్తా. తోట అమ్మేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు. మందస జమీ పోయి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఉద్దానం తోటలకు పలాస షావుకార్లు కొత్త జమీందార్లయ్యారు. అందులో ఒకడు ఈ తోట కొంటానన్నాడు. కొన్నాక కొబ్బరిచెట్లు నరికించి, కొట్టు పడగొట్టి, ఆ రాళ్ళతో జీడిపిక్కలు కాల్చే బట్టీలు కడతాడట. మొగుడు నీలకంఠం అవుననడు, కాదనడు. గోడ మీద పిల్లి వాటం.

రత్నాలమ్మే పలాస వెళ్ళింది. పాత కట్టడాలను కాపాడే ఆఫీసరెవరో వచ్చారని విని ఆయన ముందు నిలబడింది. ఆయన రాసి పంపితే కొట్టునూ, చుట్టూ ఉన్న తోటనూ ఇక ఎవరూ ముట్టుకోలేరు. ఆయన అడిగింది ఒకే మాట, పాతదనడానికి రుజువేమిటని. ‘మా ఆడోల్ల సేతులున్నాయి బాబూ, వచ్చి సూడండి’ అంది. ఆ ఆఫీసరు ఈ మధ్యాహ్నమే వస్తున్నాడు.

చూడడానికి ఏముందిప్పుడు? సున్నం!

* * *

నీలకంఠం వీధరుగు మీద ఉతికిన పంచె కట్టుకుని, తలపాగా సరిచేసుకుంటున్నాడు. పక్కన త్రినాథరావు కాళ్ళు ఊపుకుంటూ కాఫీ తాగుతున్నాడు.

“బావా, ఇది నువ్వు సేయించిన పనేనా?”

“అలగరుస్తావేటే? పెద్దాఫీసరు ఇంటికి వత్తన్నాడంటే ఆ మసిగోడలు సూపిత్తామేటి? ఇల్లన్నాక మరియాదుండాల.”

“మరియాదా! ఆ బాబు వచ్చీది ఆ మసి సూడ్డానికే. పాతది సూడ్డానికొచ్చీవోడికి కొత్తది సేసి సూపిత్తావా? ఏ ఊర్లో నేర్సుకున్నావు బావా ఈ మరియాద?”

“నోరు జారకు.”

“జారకేటి సేత్తాను? మీ అమ్మ సెయ్యుంది ఆ గోడ మీద. నీకు అమ్మ, నాకు మేనత్త. నన్ను కోడలిగా కాదు, కూతురిగా తెచ్చుకున్నాది. ఆ సెయ్యి మీద కుంచె ఆడించమని సెప్పడానికి నీకు నోరెలగొచ్చినాది?”

నీలకంఠం తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాగుండేది. ఈ మనిషి మౌనం ముందు ఇరవై ఏళ్ళుగా ఆమె కోపమంతా ఇసకలో పోసిన నీళ్ళే అవుతోంది.

“పోనీలెద్దూ వొదినా,” అన్నాడు త్రినాథరావు గ్లాసు కింద పెట్టి. “అన్నయ్య మంచికే సేయించినాడు. ఆఫీసరు వత్తాడు, కాఫీ తాగుతాడు, ఎల్లిపోతాడు. పలాసలో సూడు, ఎంత డెవలప్‌మెంటో! మనం ఇంకా గోడల మీద సేతులట్టుకుని ఏలాడతన్నాం.”

“నువ్వు నోర్ముయ్యి బాబూ. కుంచె ఎవుడు పట్టినా ఈ బుర్ర ఎవుడిదో నాకు తెల్దనుకోకు.”

“నా బుర్ర కాదొదినా. అమ్మతోడు. రేతిరి నాను వచ్చీసరికే పైడయ్య సగం గోడ పూసీసున్నాడు. నాకూ ఆశ్చర్యమే అయింది.”

అమ్మతోడు అని ప్లీడరు గుమస్తా ఒట్టేస్తే నమ్మేంత వెర్రిది కాదు రత్నాలమ్మ. కాని ఆ ఒక్క ఒట్టూ నిజమే. అది ఆమెకు అప్పుడు తెలియలేదు.

పైడయ్య నూతి దగ్గర నుంచి మెల్లగా దగ్గరకు జరిగాడు.

“నాను సెప్పినానమ్మా. పూత్తంటే ఆ పసుపు ఎర్రగా తేలతన్నాది బాబూ, అమ్మొచ్చినాక అడుగుదారి అన్నాను. ఆరితే పోతాది, ఇంకో పూతెయ్యి అన్నాడు. అప్పుడికీ పోలేదు. మల్లీ ఎయ్యమన్నాడు. మూడు పూతలేసినాను.”

“పైడయ్యా, నీ పనయిపోనాది. ఇంటికెల్లు,” అన్నాడు నీలకంఠం గట్టిగా.

పైడయ్య వెళ్ళలేదు. ఆఫీసరు జీపులో వస్తాడని విన్నాడు. జీపు చూడకుండా కదిలేటట్టు లేడు.

“మూడు పూతలా!” అంది రత్నాలమ్మ. “ఒకటి సాల్లేదేటి బావా? నీ మరియాద తగలెయ్య!”

నీలకంఠం ఉతికిన పంచె మీద లేని దుమ్ము దులుపుకున్నాడు.

* * *

పెరటిచూరు కింద గౌరమ్మ కొబ్బరిపీచు తాడు పేనుతోంది. పెద్దతల్లికి దూరపు చుట్టమనీ, దిక్కులేనిదైతే చేరదీశామనీ రత్నాలమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పారు. ఆమె అందరికంటే ముందు లేస్తుంది, అందరూ తిన్నాక తింటుంది. చిన్నప్పుడు కాయలు ఒలిచే గునపానికి కుడిచేతి చిటికెనవేలు పోయిందట. మిగిలిన నాలుగు వేళ్ళతో ఆమె పేనినంత తాడు ఆ తోటలో ఇంకెవరూ పేనలేదు. ఆ చేత్తోనే, గాలివాన హోరెత్తుతున్న రాత్రి, పెద్దకొట్టులో ఆవుల మధ్య, కాన్పుకొచ్చిన కూతురు కమలకు పురుడు పోసింది.

రత్నాలమ్మ వచ్చి ఆమె ఎదురుగా కూలబడింది.

“గౌరమ్మత్తా, నువ్వింట్లోనే ఉన్నావు కదా. సేతులు సెరిపీత్తంటే ఒక్క మాట అనలేకపోనావా?”

“నానేటంతానమ్మా. ఇంటోల్ల గోడ, ఇంటోల్ల సున్నం.”

“నీకు కోపం రానేదా?”

“నాకు కోపాలేటి?” గౌరమ్మ పీచు విదిలించింది. “కొట్టు నిలబడితే సాలు. గోడ మీద సేతులుంటే ఏటి, లేపోతే ఏటి.”

“ఆ సేతుల్లేకపోతే కొట్టు నిలబడదత్తా! పడగొట్టీత్తారు. రేపు గాలొస్తే ఈ పేటోల్లందరం ఎక్కడ దూరతాం? షావుకారి బట్టీలోనా?”

తాడు పేనే చెయ్యి ఆగింది.

“మన్నైపోనోల్లు మన్నైపోనారు. ఆలని గోడ మీద మాత్రం ఎందుకమ్మా, నలుగురికీ సూపించడం? పోనీ. సెరిగిపోనీ.”

రత్నాలమ్మకు మొగుడి మీది కోపం, మరిది మీది కోపం, అన్నీ కలిసి నోటికి వచ్చేశాయి.

“నీకేటి తెలుసత్తా! ఈ ఇంట్లో పెద్దకోడలంటే ఏటో, ఆ గోడకి సెయ్యి ఆనిత్తే ఎలగుంటాదో, నీకేటి తెలుసు! తాడు పేనుకున్నంత సులువేటి?”

గౌరమ్మ తల వంచుకుంది. మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టింది. ఇంటి ముందు జీపు హారను వినబడేదాకా తలెత్తకుండా పేనుతూనే ఉంది.

* * *

ఆఫీసరు పేరు ఉమాపతి. కళ్ళజోడు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బూట్లలో ఇసక దులుపుకుని కొట్టులోకి వచ్చి నాలుగు గోడలూ చూశాడు. ఒక చోట వేలితో తట్టాడు.

“మీరేనా అమ్మా పలాసలో నన్ను పట్టుకుని వదలనిది? తీరా వస్తే ఇది మొన్న కట్టినట్టుందే!”

“మరమ్మతులు జరుగుతూనే ఉంటాయండి,” అన్నాడు త్రినాథరావు. ఆఫీసరు ముందు అతని భాష కూడా ఇస్త్రీ బట్టలు తొడుక్కుంది. “పాతదనడానికి ఆధారాలంటూ పెద్దగా ఏమీ లేవండి. ఆడవాళ్ళు ఏవో చెబుతుంటారు.”

“రాయి పాతదే. కాని పాత రాళ్ళు ఊరూరా ఉంటాయి, వాటిని చూసి పైవాళ్ళు సంతకం పెట్టరు. మీరు చెప్పిన చేతులుంటే ఆ దారి వేరు. అవేవమ్మా?”

“సున్నం కింద ఉన్నాయి బాబూ.”

“సున్నం కింద ఉన్నవాటిని ఉన్నాయని నేనెలా రాయను తల్లీ?”

ఆ మాటలో కోపం లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం. ఉమాపతి కళ్ళజోడు తుడుచుకుని గుమ్మం వైపు తిరిగాడు.

“బాబూ, కొబ్బరినీల్లు తాగి ఎల్లండి. లేతకాయలు దింపించినాను,” అన్నాడు నీలకంఠం.

తోట చేజారిపోతుంటే ఈ మనిషికి కొబ్బరినీళ్ళు గుర్తొచ్చాయి! రత్నాలమ్మలో ఏదో పుటుక్కున తెగింది.

“నిలబడండి బాబూ. మీరు కదిలితే మీ మీద ఒట్టే.”

నూతి దగ్గరకు పరుగెత్తి బిందె ముంచి తెచ్చింది. వచ్చీ రావడంతోనే బిందెడు నీళ్ళూ తూర్పుగోడ మీద విసిరి కొట్టింది. ఉమాపతి రెండడుగులు వెనక్కి గెంతాడు. మళ్ళీ వెళ్ళింది. ఇంకో బిందె. పెరట్లో గౌరమ్మ ఒడిలో నుంచి గుప్పెడు పీచు లాక్కుని వచ్చి గోడ తోమడం మొదలుపెట్టింది. సున్నం పాలలా కారి ఆమె మోచేతుల నుంచి చీర మీదికి దిగింది.

“ఒలే, ఆగు! పదిమందిలో ఏటిది?” నీలకంఠం ఆమె భుజం పట్టుకున్నాడు.

“ఒదులు! నన్నిప్పుడు ముట్టుకుంటే నీ సెయ్యి కూడా ఈ గోడకే అంటించీత్తాను!”

అతను వదిలేశాడు.

ముందు ఒక వేలు తేలింది. తరవాత అరచెయ్యి. పసుపు కాదు, ఎరుపు. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని కాళ్ళకు పెట్టుకున్న ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. ఆ ఇంటి మగవాళ్ళు అడగలేదు. నిన్నటిదాకా మసిలో దీపం పెట్టి వెతుక్కోవలసిన చేతులు, తడిసిన తెల్లగోడ మీద ఒకటొకటే నిగనిగలాడుతూ బయటికి వచ్చాయి.

“అబ్బ!” అన్నాడు ఉమాపతి. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరికి వచ్చాడు.

“ఇది మా మావ నాయనమ్మది బాబూ. ఈ రెండూ మా మావ తల్లివి, ఆవిడ బతికుండగా రెండు గాలులొచ్చినాయి. ఇది మా మేనత్త పెద్దతల్లిది. ఇది నాది. సూడండి.” రత్నాలమ్మ తన అరచెయ్యి తన గుర్తు మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది. “పెద్దకోడలిది తప్ప ఇంకో సెయ్యి దీని మీద పడదు. మడుసులు అబద్దమాడతారేమో గాని, మా గోడ ఆడదు.”

ఆ చివరి మాట మరిది ముఖం మీద చూస్తూ అంది. త్రినాథరావు ముఖం సున్నం కొట్టినట్టయింది. ఏడాది తరవాత మొదటిసారి ఆమెకు కడుపు చల్లబడింది.

“ఫొటో తీయిస్తానమ్మా. ఇది ఉంటే చాలు, ఈ కొట్టును ఎవరూ కదపలేరు,” అంటూ ఉమాపతి వంగి ఒక్కొక్క చెయ్యీ పరీక్షగా చూశాడు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగాడు. “మరి దీన్ని వదిలేశారేం?”

“ఏదండీ?”

“ఇదిగో. ఈ రెండింటి మధ్యది.”

ఎప్పుడూ చాట వేలాడే చోటు. ఎలకలు గీకిన చోటు. పీచుతో ఎవరు ఎంత తోమినా మట్టిపూత లోపలికి ఇంకిన పసుపు పోలేదు. సున్నం నీళ్ళు తగిలేసరికి ఎర్రగా పైకి వచ్చింది. చిన్న అరచెయ్యి. పదిహేనేళ్ళు కూడా నిండని పిల్లదై ఉంటుంది. బొటనవేలు, దాని పక్కన మూడు వేళ్ళు. చిటికెనవేలు ఉండవలసిన చోట గోడ తెల్లగానే ఉంది.

“ఓలమ్మో,” అన్నాడు పైడయ్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

రత్నాలమ్మ చేతిలో పీచు జారిపోయింది. తన మేనత్త ఈ ఇంటికి పెద్దకోడలిగా రాలేదు. అంతకు ముందే మామగారికి ఒక పెళ్ళాం ఉంది. పసుపులో చెయ్యి ముంచి ఈ గోడకు అద్దింది. ఆ చేతిని తోమేసి, చాట కప్పి, ఆ మనిషిని పెరటిచూరు కింద కూచోబెట్టి అందరూ తిన్నాక ఇంత కూడు పెట్టారు. పెట్టిన చేతుల్లో రత్నాలమ్మ చెయ్యి కూడా ఉంది. ‘పెద్దకోడలంటే ఏటో నీకేటి తెలుసు’ అని పొద్దున్న తను అన్న మాట తిరిగి వచ్చి చెంప మీద తగిలింది.

మొగుడి వైపు తిరిగింది. త్రినాథరావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పైడయ్య నోటి మీది చెయ్యి తియ్యలేదు. నీలకంఠం ఒక్కడే గోడ వంక చూడడం లేదు. అతని ముఖంలో సిగ్గు ఉంది, భయం ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

“బావా,” అంది. “మూడు పూతలూ మరియాదకి కాదు కదూ?”

“నాయిన పోతా పోతా సెప్పినాడు,” అన్నాడతను నేల చూస్తూ. “ఆఫీసరు ఆ కాలీ ఏటని అడుగుతాడని... కడుపు సించుకుంటే కాల్ల మీద పడతాది రత్నాలూ. ఆ బాబుని ఎల్లనీ.”

“ఎన్నేల్లయింది మావ పోయి? ఇన్నేల్లూ తెలిసుండీ ఆవిడ సేత తాడు పేనించినావా? నీ కూతురికి పురుడు పోసిన సెయ్యి బావా అది!”

త్రినాథరావు బుర్ర ఈలోగా టెక్కలి కోర్టుదాకా వెళ్ళి వచ్చింది. తండ్రి మొదటి భార్య బతికి ఉందని తేలితే, ఆమె వేలిముద్ర పడకుండా తోటలో ఒక్క చెట్టు కూడా అమ్ముడుపోదు. ఇస్త్రీ భాష ఒక్కసారిగా ఊడిపోయింది.

“పైడయ్యా! సూత్తావేటి, ఇంకో పూతెయ్యి! ఎయ్యిరా!”

పైడయ్య మూలనున్న సున్నపు కుండలో కుంచె ముంచి ఎత్తాడు. రత్నాలమ్మ వెళ్ళి గోడకు వీపు ఆనించి, ఆ నాలుగు వేళ్ళ చేతికి అడ్డంగా నిలబడింది.

“ఎయ్యి. ముందు నా మీదెయ్యి. తరవాతే దీని మీద.”

కుంచె నుంచి సున్నం చుక్కలు నేల మీద రాలుతున్నాయి.

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. “ఇంటి గొడవలు నాకు అక్కర్లేదమ్మా. మీకు ఇబ్బందైతే ఆ ఒక్క చెయ్యీ వదిలేసి మిగతావి రాసుకుంటాను. కొట్టుకేం ఢోకా ఉండదు. చెప్పదలుచుకుంటే పేరు చెప్పండి.”

ఎంత తేలిక దారి చూపించాడు! కొట్టు నిలబడుతుంది, తోట నిలబడుతుంది, మేనత్త పరువు నిలబడుతుంది. ఒక్క చెయ్యి వదిలేస్తే చాలు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అందరూ చేసింది అదే.

“రాసుకోండి బాబూ,” అంది రత్నాలమ్మ. “ఆవిడ పేరు...”

గుమ్మంలో అలికిడైంది. లాక్కున్న పీచు కోసం వచ్చిందో, పేరు పలకకుండా ఆపడానికే వచ్చిందో, గౌరమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి పమిట కింద దాచుకుంది. ఆమె గోడ వైపు చూసింది. ఎంతసేపో చూసింది. తరవాత ఆఫీసరు వైపు తిరిగింది.

“రాయకండి బాబూ,” అంది. “ఆ సెయ్యి నాది కాదు.”

ఆమె పేరు అప్పటిదాకా అక్కడ ఎవరూ పలకలేదు.